ఏడో నంబరు మెషీనుకు వల దారం

1978వ సంవత్సరం, జూలై 23వ తేదీ, ఆదివారం. ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. ఎదుర్లంక రేవు. ముందు రోజు మధ్యాహ్నం పట్టిన ముసురు ఇంకా వదలలేదు. గోదావరికి ఎర్ర నీరు తగిలి అయిదు రోజులైంది. రేవులో పాతిన గుంజ మీద తడి గుర్తుకు జానెడు కిందకు నీరు దిగి ఉంది; అంటే సముద్రం పాటు నడుస్తోందన్నమాట. ఈ వివరాలను జ్ఞాపకాన్ని నమ్మి రాయడం లేదు. ఆనాడు నా జేబులో ఉన్న పుస్తకాన్ని ముందు పెట్టుకుని రాస్తున్నాను.

నా భుజం మీద పద్నాలుగు కిలోల టైపు మెషీను ఉంది. నా పక్కన, ఆ మెషీను మీద ఆ రోజు పది గంటల ముప్ఫై నిమిషాలకు కాకినాడలో టైపు లోయర్ పరీక్ష రాయవలసిన మనిషి ఉంది. ఆమెకు అప్పటికి ముప్ఫై మూడేళ్ళు. ఆ పరీక్ష తప్పితే ఆమె ఉద్యోగం పోతుంది.

ఇప్పటి యువతీయువకులకు కొంత చెప్పాలి. అమలాపురంలోని ఒక టైపు ఇన్‌స్టిట్యూటులో నేను 1964 జూన్ నుంచి బోధకుడిగా పనిచేశాను. మెషీన్లు పద్నాలుగు. తెల్లవారి ఆరు గంటలకు మొదటి బ్యాచీ. పదేసి నిమిషాలు కొట్టించి, వేగమెంతో తప్పులెన్నో లెక్కించి పుస్తకంలో ఎక్కించడం నా పని. స్టాప్ వాచీ పట్టుకుని వీపు వెనక నిలబడేవాణ్ణి. వారానికొకసారి అందరి అంకెలూ బయటకు చదివేవాణ్ణి. సిగ్గుపడితే తప్పులు తగ్గుతాయని నా నమ్మకం. ఆ నమ్మకానికి మాత్రం నా దగ్గర అంకెలు లేవన్న సంగతి పద్నాలుగేళ్ళ దాకా నాకు తట్టలేదు.

ఆమె 1976 అక్టోబరు 11వ తేదీ సోమవారం నాడు చేరింది. గోదావరి సముద్రంలో కలిసే చోట చేపల వేట మీద బతికే కుటుంబం వాళ్ళది. భర్త చదువుకుని ముమ్మిడివరంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, నాలుగేళ్ళకే జబ్బు చేసి పోయాడు. ఆమె పదో తరగతి ప్యాసు కనక ఆ కార్యాలయంలోనే టైపిస్టు ఉద్యోగం ఇచ్చారు. రెండేళ్ళలోగా లోయర్ పరీక్ష నెగ్గాలన్నది షరతు. ఆ గడువు 1978 ఆగస్టు 31. ఇంట్లో ఇద్దరు పిల్లలు, అత్తగారు. ముమ్మిడివరంలో మొదటి బస్సెక్కి ఆరింటికల్లా అమలాపురం వచ్చేది; ఏడింటికి తిరుగు బస్సెక్కి, ఇంటి పని చూసుకుని, పదింటికి కార్యాలయంలో ఉండేది.

చేరిన మొదటి వారంలోనే ఆమె సంచిలో నీలం రంగు నైలాన్ వలా, చెక్క సూదీ కనిపించాయి. బస్సు కోసం ఎదురు చూసేటప్పుడు వల అల్లుతుందట.

"ఏమిటమ్మా ఇది? ఆ దారం పోగు మెషీనులో పడిందంటే మెకానిక్కు రాజమండ్రి నుంచి రావాలి. ఇది ఇన్‌స్టిట్యూటు, వలపాక కాదు" అన్నాను.

బ్యాచీ అంతా నవ్వింది. ఎవరో వెనక నుంచి, "చేపలు కూడా పడతాయేమోనండి మాస్టారూ" అన్నారు. ఆమె "ఆయ్" అని సంచి పట్టుకెళ్ళి వరండాలో మేకుకు తగిలించింది. తరవాత ఇరవై ఒక్క నెలలూ ఆ సంచి ఆ మేకుకే వేలాడింది.

ఏడో నంబరు మెషీను ఆమెకిచ్చాను. పాఠాలు త్వరగానే పట్టుకుంది. వేగం పెట్టినప్పుడు మాత్రం తప్పులు వచ్చేవి. పది నిమిషాల కాగితంలో ఇరవై, ఇరవై ఆరు, ఒక శనివారం ముప్ఫై ఒకటి. కళ్ళు కాగితం మీది నుంచి మీటల మీదకు, మీటల మీది నుంచి పక్కకు పోయేవి. 1978 జనవరిలో పరీక్షకు వెళ్ళి తప్పింది. ఇక మిగిలింది జూలై పరీక్ష ఒక్కటే.

ఆ మార్చి నెలలో నాకు కామెర్లు వచ్చాయి. పదకొండు రోజులు మంచం దిగలేదు. ఆ రోజుల్లో తరగతి చూసినవారు మా ప్రొప్రయిటరు గారు. చూశారంటే, ముందు గదిలో కూర్చుని పేపరు చదివారని అర్థం. విద్యార్థులు ఎవరి కాగితాలు వారు ఇనప తీగకు గుచ్చి వెళ్ళిపోయారు.

పన్నెండో రోజు వచ్చి ఆ తీగ దించాను. వదిలేస్తే ఎవరూ అడిగేవారు కాదు. కాని పుస్తకంలో పదకొండు గడులు ఖాళీగా ఉండటం నాకు సహించలేదు. కూర్చుని కాగితాలన్నీ దిద్దాను. ఏడో నంబరు మెషీను కాగితాలు వచ్చేసరికి లెక్క రెండుసార్లు చూసుకున్నాను. తొమ్మిది, ఏడు, ఆరు, నాలుగు, అయిదు, నాలుగు. పదకొండు కాగితాల మీద మొత్తం తప్పులు యాభై తొమ్మిది. అంతకు ముందు నేనున్న పదకొండు రోజుల మొత్తం రెండు వందల అరవై నాలుగు.

మర్నాడు ఆమెను పిలిచి కాగితాలు చూపించాను.

"ఇవి ఎవరు కొట్టారు?"

"నేనేనండి."

"నువ్వే కొట్టావా?"

"ఆయ్. నేనేనండి మాస్టారండీ."

"అయితే నా ఎదురుగా ఒక కాగితం కొట్టు."

వాచీ పట్టుకుని వెనక నిలబడ్డాను. ఇరవై ఏడు తప్పులు వచ్చాయి. నాకు కావలసిన రుజువు దొరికిందనుకున్నాను. ఆమె చూస్తుండగానే ఆ పదకొండు గడులకు ఎదురుగా 'ఇతరుల సాయం' అని ఎర్ర సిరాతో రాశాను. ఆమె ఆ మాట చదివింది. "అప్పుడు మీరు లేరు కదండీ" అని మాత్రం అని, మేకు మీది సంచి తీసుకుని వెళ్ళిపోయింది. ఆ మాటను నేను దొంగతనం ఒప్పుకోవడంగా అర్థం చేసుకున్నాను.

ఏప్రిల్ మొదటి వారంలో పరీక్ష ఫారాలు నింపుతున్నాం. గుమ్మం పక్కన మా ఇన్‌స్టిట్యూటు ఫలితాల బోర్డు ఒకటి ఉండేది. ప్రొప్రయిటరు గారికి ఆ బోర్డే ప్రాణం.

"ఆవిణ్ణి పంపొద్దులెండి మాస్టారూ. మళ్ళీ తప్పితే బోర్డు పాడైపోద్ది" అన్నారు.

నేను ఒప్పుకుని, కారణంగా ఆ పదకొండు కాగితాల సంగతి చెప్పాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

"అయ్ బాబోయ్, అవి ఆవిడే కొట్టిందండి. నేను చూస్తానే ఉన్నాను. మెషీను ఆగకుండా మోగుతుంటే పేపరు మీదకి బుద్ధి పోతేనా!"

"మరి నా ఎదుట ఎందుకు కొట్టలేకపోయింది?"

"మీరెనకాల నిలబడితే నాకే వార్త ఎక్కదండీ. ఒకే వరస నాలుగుసార్లు చదువుతాను. ఆవిడ సంగతి చెప్పాలా?"

నాకు కోపం వచ్చింది. అయినా అది పరీక్షించి తేల్చదగిన మాట. మర్నాటి నుంచి నా కుర్చీ వరండాలో, ఆ మేకు కింద వేయించాను. తరగతికి వీపు పెట్టి కూర్చున్నాను. మెషీనులో వరుస చివరకు వచ్చినప్పుడు బెల్లు మోగుతుంది. పది నిమిషాల్లో ఇరవై మూడు బెల్లులు మోగితే పరీక్షకు కావలసిన వేగం ఉన్నట్టే. ఏడో నంబరు బెల్లుకు చిన్న బీట ఉంది, దాని ధ్వని వేరు. కళ్ళు మూసుకుని లెక్కపెట్టాను. మొదటి రోజు ఇరవై రెండు. రెండో రోజు ఇరవై మూడు. మూడో రోజు కూడా ఇరవై మూడు. లోపలికి వెళ్ళి కాగితాలు దిద్దితే తప్పులు ఎనిమిది, ఆరు, ఆరు.

ఆ రోజు తరగతి అయ్యాక ఆమె వరండా మెట్టు మీద బస్సు కోసం కూర్చుని వల అల్లుతోంది. పక్కనున్న అమ్మాయితో పిల్లల జ్వరాల గురించి మాట్లాడుతోంది. చూపు రోడ్డు మీద ఉంది. వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. నేను వాచీ చూసుకుని ఒక నిమిషంలో పడిన ముడులు లెక్కపెట్టాను. పదహారు. వలలో ఒక్క కన్నూ పెద్దది కాలేదు, చిన్నది కాలేదు.

"చూడకుండా ఎలా అల్లుతావమ్మా?" అని అడిగాను.

"చూత్తే తప్పు పడుద్దండి. చెయ్యి ముందెళ్ళిపోద్ది, కన్ను ఎనకుండిపోద్ది."

"మెషీను మీద మరి చూస్తావేం?"

ఆమె సూది ఆపింది. "మీరు చూత్తారు కదండీ. మీరంత ఇదిగా చూత్తన్నారంటే ఏదో తప్పు వచ్చేసుంటదని నేనూ చూత్తానండి."

పద్నాలుగేళ్ళుగా నేను కొలిచినవాటిలో విద్యార్థుల తప్పులెన్నో, నా నీడ పడినందువల్ల వచ్చినవెన్నో విడదీయడానికి ఇక మార్గం లేదు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. కామెర్ల తరవాతి అరుచి కూడా కొంత కారణం కావచ్చు.

మర్నాడు స్టాప్ వాచీ ఆమె చేతిలో పెట్టాను. "ఇవాళ్టి నుంచి కాలం నువ్వే చూసుకో. బెల్లులు నువ్వే లెక్కపెట్టుకో. తప్పులు నువ్వే దిద్దుకుని అంకె నాకు చెప్పు, ఎక్కిస్తాను."

"నేను తప్పు చెపితేనండీ?"

"తరవాత నేను దిద్దుతానుగా."

దిద్దాను కూడా. ఏప్రిల్ 10 నుంచి జూన్ 30 వరకు ఆమె చెప్పిన ప్రతి అంకెనూ ఆమె వెళ్ళాక సరిచూశాను. రెండు రోజులు మా అంకెలు కలవలేదు. ఒకసారి ఆమె ఏడు అంది, నాకు ఆరే దొరికాయి. మూడుసార్లు చదివితే ఏడోది కనిపించింది: రెండు మాటల మధ్య ఖాళీ ఒకటి ఎక్కువ పడింది. ఇంకోసారి ఆమె అయిదంటే నేను నాలుగన్నాను. అప్పుడూ ఆమెదే సరైంది. జూలై మొదటి తేదీ నుంచి సరిచూడటం మానేశాను. చదివేవారు దీన్ని చిన్న విషయం అనుకోవచ్చు. నాకు అది కుడి చేత్తో తినడం మాని ఎడమ చేత్తో తినడం వంటిది.

ఫారం మీద ప్రొప్రయిటరు గారు సంతకం పెట్టారు. అయితే పరీక్ష కేంద్రాల్లో మెషీన్లు ఉండవు. ఎవరి మెషీను వాళ్ళే మోసుకుపోవాలి. మిగిలిన తొమ్మిది మందికీ శనివారం బ్యాచీ పడి వ్యానులో వెళ్ళివచ్చారు. ఈమె ఒక్కతికే ఆదివారం పడింది. "ఒక్క మెషీనుకి వ్యానెందుకండీ, మీరు తీసుకెళ్ళండి" అన్నారాయన. నేను మెషీను పైన కాగితం పట్టుకుని పక్కకు జరిగే క్యారేజీ కదలకుండా పురికొసతో గట్టిగా కట్టి, చుట్టూ అంబాజీపేట కొబ్బరి పీచు దట్టించి, గోనెలో పెట్టి కుట్టి బయలుదేరాను. ఆమె ముమ్మిడివరంలో బస్సెక్కింది, భుజాన అదే సంచితో.

ఎదుర్లంక రేవులో గోదావరి దాటించే పంటు నడిపేవాడు ఆమెకు బాబాయి వరస.

"ఏటండీ మేస్టారూ, పురిటి పిల్లని చుట్టినట్టు చుట్టేరు? కేరుమంటదా ఏటి?"

"అంటది బాబాయ్. కేరుమనడం కాదు, బెల్లు కొడతది" అంది ఆమె. "ముందు నువ్వు మమ్మల్ని ఇసక మీద ఎక్కించకుండా అట్టుకెళ్ళు."

"నా చేతిలో ఏవుందే? పాటు మీదున్నాది గోదారి."

సరిగ్గా అదే జరిగింది. నడిగోదావరిలో పంటు ఇసక తిప్ప పట్టింది. గెడలు వేసి నెట్టి కదిలించేదాకా యాభై రెండు నిమిషాలు అక్కడే ఉన్నాం. నేను వాచీ చూసుకుంటూ లేస్తూ కూర్చుంటూ ఉన్నాను. ఆమె వల తీసి అల్లుకుంది. "మాస్టారండీ, మీరు వాచీ చూసినా గోదారికి తెలవదండి" అంది ఒకసారి. పంటు మీద అందరూ నవ్వారు. యానాంలో కాకినాడ బస్సు అందేసరికి ఎనిమిది దాటింది. పరీక్ష జరిగే స్కూలు గుమ్మంలో దిగేసరికి పది గంటల రెండు నిమిషాలు.

ఇక్కడ నా తప్పు రాయాలి. వరండాలో గోనె విప్పి, పీచు తీసేశాను. క్యారేజీకి కట్టిన పురికొస వర్షానికి తడిసి బిగిసిపోయింది. ముడి రాలేదు. జేబులోంచి బ్లేడు తీసి, వెనక వైపు వేళ్ళు దూర్చి కోశాను. చెయ్యి వణికింది. పురికొస తెగింది. దానితో పాటు, దాని వెనకనే ఉన్న మరొక తాడు కూడా తెగింది. మెషీనులో ఒక మూల స్ప్రింగు ఉన్న చిన్న గుండ్రని డబ్బా ఉంటుంది. దానికీ క్యారేజీకీ మధ్య ఒక తాడు. మీట నొక్కినప్పుడల్లా క్యారేజీని ఒక అక్షరం మేర లాగేది ఆ తాడే. అది తెగగానే డబ్బా గిర్రున తిరిగి స్ప్రింగు వదులైపోయింది. మీట నొక్కితే అక్షరం మీద అక్షరం పడింది. క్యారేజీ కదల్లేదు.

పద్నాలుగేళ్ళ పాటు ఇతరుల చేతులు ఎందుకు వణుకుతాయని అడిగినవాణ్ణి. నా చేతిలో బ్లేడు ఇంకా వణుకుతూనే ఉంది. పక్క ఇన్‌స్టిట్యూటుల వాళ్ళను అడగడానికి పరుగెత్తాను. ఆరుగురిని అడిగాను. అదనపు మెషీను ఎవరి దగ్గరా లేదు. తిరిగి వచ్చేసరికి పది గంటల పదకొండు నిమిషాలు. ఆమె నేల మీద చతికిలబడి, మెషీను వెనక వైపు తన వైపుకు తిప్పుకుని, తెగిన తాడు రెండు కొసలూ చూస్తోంది.

"నా మూలాన నీ పరీక్ష పోయిందమ్మా" అన్నాను.

"ఇది ఏటి చేత్తదండీ, క్యారేజీని లాగుద్దా?"

"ఆఁ."

"అంతేకదండీ." సంచిలోంచి నీలం దారం తీసింది. రెండు పేటలు వేసి, తెగిన తాడు పక్కన పెట్టి పొడవు చూసుకుంది. ఒక కొస డబ్బాకు ముడి వేసింది. పళ్ళతో బిగించింది. "దీన్ని ఎంత తిప్పాలండీ?"

అది నాకు తెలుసు. ప్రతి మెషీను స్ప్రింగునూ మెకానిక్కు ఎన్ని చుట్లు తిప్పాడో రాసుకున్నాను. నా జేబులోని పుస్తకంలో ఉంది. "ఏడో నంబరుకు నాలుగు చుట్లు" అన్నాను.

"మీరు తిప్పి ఆపండి. నేను అవతలి కొస కడతాను. మాస్టారండీ, మీ చెయ్యి వణుకుతుంది. ఊపిరి తీసుకోండి. నేను మిమ్మల్ని చూడను లెండి."

నిజంగానే తల పక్కకు తిప్పుకుంది. నేను ఒకటి, రెండు, మూడు, నాలుగు అని తిప్పి పట్టుకున్నాను. ఆమె చూడకుండానే రెండో ముడి వేసింది. వదిలాం. ఆమె వరసగా మీటలు నొక్కింది. క్యారేజీ ఒక్కో అక్షరం మేర జరుగుతూ పోయింది. చివర బీట పడిన బెల్లు మోగింది. అప్పటికి పది గంటల ఇరవై మూడు నిమిషాలు.

హాలు గుమ్మంలో సూపర్‌వైజరు మెషీను వెనక నీలం దారం చూసి ఆగారు. "ఏవమ్మా, ఇది టైపు మెషీనా, వలా?"

"రెండూనండి" అంది ఆమె. ఆయన నవ్వి లోపలికి పంపారు.

పది ముప్ఫైకి గంట కొట్టారు. నేను వరండాలో గోడకు వీపు ఆనించి, కళ్ళు మూసుకుని, ఏడో నంబరు బెల్లు కోసం చెవి పెట్టాను. లోపల నలభై మెషీన్లు ఒక్కసారి మొదలయ్యాయి. ఒక్క బెల్లు కూడా వేరు చేయలేకపోయాను. నా చేతిలో పుస్తకం ఉంది, పెన్సిలు ఉంది, రాయడానికి అంకె లేదు. ఆ పది నిమిషాలు గడపడం నాకు చాలా కష్టమైంది. ఆ ముడి ఊడితే నాకు తెలియదు, ఊడకపోయినా తెలియదు.

లెటరూ పట్టికా ఉన్న రెండో పేపరు కూడా అయ్యాక, ఆమె మెషీను ఎత్తుకుని తనే బయటకు వచ్చింది. తిరుగు పంటు మీద, ముసురు తెరిపిచ్చిన వేళ, ఆమే మొదలుపెట్టింది.

"ఇరవై నాలుగు బెల్లులండి మాస్టారండీ. తప్పులు అయిదు. కాగితం ఇచ్చేసే ముందు చూసుకున్నానండి."

పుస్తకం తీసి రాసుకున్నాను. రాస్తుంటే పాత పేజీ కంటపడింది. "మార్చిలో నిన్ను అనుమానించానమ్మా. ఎర్ర సిరాతో రాశాను. అది నా తప్పు."

"ఆయ్. గుర్తుందండి" అంది. కాసేపు అల్లి, "అప్పుడు మానేద్దామనుకున్నానండి. మా అత్తగారే మాననివ్వలేదు. తను లేనినాటి కాగితాలు పదకొండూ కూర్చుని లెక్కెట్టినోడు ఊరికే ఉండడే, ఇంకోసారి లెక్కెడతాడు, ఎళ్ళు అన్నాదండి."

ఆ పెద్దావిడను నేనెన్నడూ చూడలేదు. నా గురించి ఆవిడకు తెలిసినంత నాకు తెలియదు.

పరీక్ష కాగితాలు తిరిగి ఇవ్వరు. కాబట్టి ఆమె చెప్పిన రెండు అంకెలూ సరిచూడటానికి ఆనాడూ, ఈనాడూ నా దగ్గర ఆధారం లేదు. నా పుస్తకాల్లో మరొకరి నోటి మాట మీద ఎక్కించి, ఎన్నడూ సరిచూడని పరీక్ష అంకెలు ఇవే. సెప్టెంబరులో ఫలితాలు వచ్చాయి. గడువులోపు జరిగిన పరీక్షే కనక కార్యాలయం వారు అంగీకరించి ఉద్యోగం ఖాయం చేశారు. ప్రొప్రయిటరు గారు బోర్డు మీద అంకె దిద్దించారు. తరవాతి నెల వచ్చిన మెకానిక్కు కొత్త తాడు వేస్తానన్నాడు. లాగి చూసి, ఇంకా గట్టిగానే ఉందంటూ వదిలేశాడు. 1986లో ఆ మెషీను అమ్మేసే నాటికి కూడా ఆ నీలం దారమే ఉంది.

ఇప్పుడు కంప్యూటర్ల ముందు కూర్చుని నేర్చుకుంటున్న మీకు నా దగ్గర సలహా పెద్దగా లేదు. మీ తప్పులు మీరే లెక్కపెట్టుకోవడం నేర్చుకోండి. నేర్పే స్థానంలోకి వస్తే, కుర్చీ వరండాలో వేసుకోండి. నా వరకు, ఆ మార్చి నెల పదకొండు గడుల్లోని ఎర్ర సిరా మాటలు కొట్టేసి, పక్కన తేదీ వేసి సంతకం చేశాను. ఆ పేజీ అడుగున గీత గీసి వేసిన మొత్తం ఇది: బెల్లులు ఇరవై నాలుగు, ఆమె తప్పులు అయిదు, నా తప్పులు రెండు.